నేరుగా మూడో ఏడాదిలోకి

1916. బొంబాయి సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్. ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ బల్ల మీద ఒక బొమ్మల కట్ట ఉంది. ఎదురుగా ఇద్దరు మనుషులు. ఒకాయన ముప్ఫై నాలుగేళ్ల ఇంగ్లిష్ దొర, రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే. పక్కనున్నది పందొమ్మిదేళ్ల తెలుగు కుర్రాడు, దామెర్ల రామారావు. కుర్రాడి వెంట చెప్పుకోదగ్గ పట్టాలేవీ లేవు. చదువులో వెనకబడ్డవాడని ఇంట్లోవాళ్లకు బెంగ. ఉన్నదల్లా ఆ కట్ట, దాన్ని నమ్మి ఇంత దూరం వెంటబెట్టుకొచ్చిన ఆ దొర.

బర్న్స్ కట్ట విప్పాడు. ఒక్కో కాగితం తిప్పాడు.

ఆ గదిని ఒకసారి ఊహించండి. పైన తిరిగే పంకా, కిటికీలోంచి పడే వెలుతురు. కాగితం మీద కాగితం జరుగుతున్న చప్పుడు తప్ప మాట లేదు. అప్పటికే ఏళ్ల తరబడి వందలమంది కుర్రాళ్ల గీతలు చూసిన కళ్లు బర్న్స్‌వి. ఏ గీత ఎక్కడ తడబడిందో, ఏ నీడ చూసి వేసిందో, ఏది ఊహించి వేసిందో ఇట్టే పట్టేసే కళ్లు. చివరి కాగితం దాకా వెళ్లాడు. కుర్రాణ్ని చేర్చుకున్నాడు. మొదటి ఏడాదిలో కాదు, రెండో ఏడాదిలోనూ కాదు. నేరుగా మూడో ఏడాదిలో.

ఈ సంగతి తెలిసిన రోజు నుంచీ నా మనసులో మెదులుతూనే ఉంది. చంద్రపూర్ జిల్లాలో ఉన్న మా కోర్పనా తాలూకాలో పదో తరగతి, పన్నెండో తరగతి అయిన పిల్లలు ఏటా ఒకే ప్రశ్న అడుగుతారు: బొమ్మల చదువుకి ఏం కావాలి? అర్హతలేమిటి? ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదవొచ్చా? జవాబుగా మనం వాళ్ల చేతిలో కాగితాల జాబితా పెడతాం. ఆ జాబితా అవసరమే. అయితే నూట పదేళ్ల కిందట ఒక తెలుగు కుర్రాడికి ఆ తలుపు ఎలా తెరుచుకుందో జాబితా కన్నా ముందు చెప్పాలని ఈ గాథ రాస్తున్నాను.

* * *

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు. తండ్రి వెంకట రమణారావు వైద్యుడు. గోదావరి మీద హేవలాక్ వంతెన పని మొదలైందీ ఆ ఏడాదే. 1900లో రైళ్లు నది దాటడం మొదలయ్యాక తూర్పు గట్టు రాజమండ్రికి పడమటి దేశం దగ్గరైంది. పదహారేళ్ల తర్వాత ఈ కుర్రాణ్ని బొంబాయి చేర్చిన రైలు కూడా ఆ వంతెన మీదుగానే వెళ్లింది.

ఇప్పుడు పిల్లాడు బొమ్మలు వేస్తే ఫోన్లో ఫొటో తీసి బంధువులందరికీ పంపుతున్నాం. అప్పటి సంగతి వేరు. బి.ఏ. ప్యాసైతే ప్లీడరీ, లేదా సర్కారు కొలువు. కాస్త గౌరవంగా బతకడానికి ఇల్లు గడిచిన కుటుంబాలకు కనిపించే దారులు అవే. బొమ్మలు వేయడం చదువు కింద లెక్కకు రాదు. తెలుగు జిల్లాల్లో చిత్రకళ నేర్పే పెద్ద కాలేజీయే లేదు. 1850లో అలెగ్జాండర్ హంటర్ మొదలుపెట్టిన మద్రాసు బడి ఉంది. దాని తర్వాత కలకత్తా. 1857లో సర్ జంషెట్జీ జీజీభాయ్ ఇచ్చిన లక్ష రూపాయలతో పుట్టిన బొంబాయి బడి. మూడూ దూరమే, మూడూ ఖర్చే.

అలాంటి ఊరికి కూల్డ్రే వచ్చాడు. ఇంగ్లండులో ఆబింగ్డన్ ఆయన ఊరు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. నీటిరంగుల్లో చెయ్యి తిరిగినవాడు, రచయిత. కాలేజీ ప్రిన్సిపాల్ అంటే ఫైళ్ల మీద సంతకాలు పెట్టేవాడని మనకొక అభిప్రాయం. ఈయన సాయంత్రాలు కుర్రాళ్లను వెంటబెట్టుకుని నది గట్టుకు పోయేవాడు. ఆ గుంపులో అడివి బాపిరాజు ఉన్నాడు, తర్వాత నవలలు రాసి తెలుగిళ్లలో నిలిచిన ఆ బాపిరాజే. కవికొండల వెంకటరావు ఉన్నాడు. వాళ్లలో కవిత్వం చూసి కవిత్వం వైపు, రంగులు చూసి రంగుల వైపు తోశాడు దొర. పాఠం చెప్పడం కంటే ఎవడిలో ఏముందో కనిపెట్టడం పెద్ద పనని నాకనిపిస్తుంది. ఆ పనిలో కూల్డ్రేకి సాటి వచ్చినవాళ్లు తెలుగునేల మీద కొద్దిమందే.

రామారావు గీతలో ఆయన ఏం చూశాడో ఇవాళ రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లినవాళ్లకు కొంత అర్థమవుతుంది. మనిషి నిలబడిన తీరులోనే వాడి బరువు ఏ కాలి మీద ఉందో తెలిసిపోతుంది. ఒళ్లు వంగినచోట గీత తెగదు. ఇంకొకరి బొమ్మ ఎత్తిరాసే చెయ్యి అలా వెయ్యలేదు. ఎదురుగా ఉన్న మనిషిని రోజూ, గంటల తరబడి చూసిన చెయ్యి కావాలి.

దొర ఇంటికొచ్చి పెద్దవాళ్లను ఒప్పించిన ఘట్టం ఈ కథకి గుండెకాయ.   పందొమ్మిదేళ్ల కుర్రాణ్ని భాష తెలియని ఊరికి, ఏళ్ల తరబడి, బొమ్మలు నేర్చుకోవడానికి పంపాలి. తండ్రి స్థానంలో మనల్ని పెట్టుకుని చూద్దాం. ఆ వసారాలో కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇచ్చి, దొర చెప్పింది విని, రేపటి సంగతేమిటని అడగని తండ్రి ఎవరు? తిండికి ఏ లోటూ రాదని ఎవరు హామీ ఇస్తారు? కూల్డ్రే ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేదు. ఖర్చు భారం తన మీద వేసుకున్నాడు. ఉత్తరం రాసి చేతిలో పెట్టి పంపే పని కూడా చేయలేదు. తనే రైలెక్కాడు. కుర్రాడి పక్కన నిలబడి, బర్న్స్ గదిలో ఆ కట్ట తనే బల్ల మీద పెట్టించాడు.

* * *

నేరుగా మూడో ఏడాది అంటే ఎంత మాటో తెలియాలంటే అప్పటి చదువు తీరు తెలియాలి. ఆర్ట్ స్కూళ్లలో మొదటి ఏళ్లు చేతిని లొంగదీసే ఏళ్లు. ప్లాస్టర్ ముక్కు, ప్లాస్టర్ చెవి, ప్లాస్టర్ పాదం ముందు పెట్టి గీయిస్తారు. వెలుగు ఎటునుంచి పడితే నీడ ఎటు జారుతుందో పెన్సిలుతో అద్దిస్తారు. వృత్తాలు, ఘనాలు, కొలతలు. ఇదంతా దాటాకే మనిషిని చూసి మనిషిని వేయనిస్తారు. గోదావరి గట్టు మీద మనుషుల్ని చూసి వేసిన కుర్రాడికి ఆ రెండేళ్ల పాఠం అప్పటికే వంటపట్టిందని బర్న్స్ ఒప్పుకున్నాడు. అలా ఒప్పుకోవడానికి ఆయనకు ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేకపోయింది.

ఆ బడికో చరిత్ర ఉంది. జాన్ గ్రిఫిత్స్ 1872 నుంచి 1885 దాకా తన విద్యార్థులను అజంతా గుహలకు తీసుకెళ్లి గోడ చిత్రాలకు నకళ్లు వేయించాడు. లాక్‌వుడ్ కిప్లింగ్ అక్కడ పాఠాలు చెప్పాడు. ఆయన కొడుకు రడ్యార్డ్ 1865లో పుట్టింది ఆ ఆవరణలోనే. 1919లో గ్లాడ్‌స్టన్ సాల్మన్ పగ్గాలు పట్టాక నిలువెత్తు మనిషిని ముందు నిలబెట్టి వేయించే తరగతులు గట్టిపడ్డాయి. రామారావు ఈ రెండు కాలాల సంధిలో చదివాడు. 1920లో మొదటి స్థానంతో బయటికొచ్చాడు. తలుపు దగ్గర బర్న్స్ వేసిన అంచనా తప్పలేదు.

తర్వాతి నాలుగైదేళ్లలో ఆయన చేసింది చూస్తే ఊపిరి ఆడదు. ఋష్యశృంగ బంధనానికి కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి. నందిపూజ, పుష్పాలంకారం, సిద్ధార్థ రాగోదయం, కార్తీక పౌర్ణమి. వాటిలో ఆడవాళ్లు తెలుగింటి ఆడవాళ్లు. ఆ ఒంటి రంగు, ఆ చీరకట్టు, ఆ కూర్చున్న తీరు మనవి. బొంబాయి నేర్పిన శరీర నిర్మాణాన్ని తెలుగు ముంగిట్లోకి తెచ్చినవాడు ఆయన.

నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. బొంబాయిలో ఉండిపోతే పేరూ డబ్బూ వచ్చేవి. రాజమండ్రి తిరిగొచ్చి బొమ్మల బడి పెట్టాడు. తనకు తెరిచిన తలుపు తన ఊళ్లో ఇంకొకరికి తెరవాలని పూనుకున్నాడు. ఆ బడిలో చేరడానికి బొంబాయి టిక్కెట్టు అక్కర్లేదు, ఇంగ్లిష్ అక్కర్లేదు. భార్య సత్యవాణి కుంచె పట్టింది. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టింది. 1920ల మొదట్లో, ఆడపిల్ల బడికి వెళ్లడమే వింతైన రోజుల్లో ఇది జరిగింది. స్నేహితుడు వరదా వెంకటరత్నం తోడు నిలిచాడు.

1925 ఫిబ్రవరి 6న మశూచి రామారావును తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు నిండడానికి ఇంకో నెల ఉంది. వెంకటరత్నం ఆ బడిని వదల్లేదు. స్నేహితుడి బొమ్మలు చెదిరిపోకుండా కాపాడి, వచ్చిన పిల్లలకు నేర్పుతూ పోయాడు. రాజమండ్రిలో ఈనాడు గ్యాలరీ ఉందంటే దాని వెనక ఆ కాపలా ఉంది.

* * *

ఇక మా కోర్పనా సంగతికి వస్తాను.

ఇది నల్లరేగడి, పత్తి, సున్నపురాయి నేల. గడ్‌చాందూర్, అవార్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీల పొగ గొట్టాలు దూరానికే కనిపిస్తాయి. మా పక్క రాజురా ప్రాంతం 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో, హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రాల గీత మారింది, ఇళ్లలో తెలుగు మారలేదు. పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, ఇంట్లో అమ్మతో తెలుగు మాట్లాడతారు, సంతలో గోండీ వింటారు. పోళా పండుగొస్తే ఎద్దుల కొమ్ములకు రంగులు వేసేది ఈ పిల్లలే. దండారీ రోజుల్లో నెమలి ఈకల టోపీలు ఎలా కడతారో దగ్గరుండి చూసేదీ వీళ్లే. చెయ్యి ఉంది, కన్ను ఉంది.

మహారాష్ట్రలో బొమ్మల చదువుకి ఒక మంచి మెట్టు ఉంది. రాష్ట్ర కళా సంచాలనాలయం ఏటా బడి పిల్లలకు ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు పెడుతుంది. వస్తువును చూసి వేయడం, గుర్తున్నది వేయడం, డిజైన్, జ్యామితి, అక్షరాలు. ఇంటర్మీడియట్‌లో గ్రేడ్ వస్తే పదో తరగతి మార్కులకు కూడా కొంత కలుస్తుంది. పన్నెండు అయ్యాక బి.ఎఫ్.ఏ. సీటు కోసం రాష్ట్ర సీఈటీ సెల్ పెట్టే ఆర్ట్ సీఈటీ రాయాలి. అందులోనూ వస్తు చిత్రణ, జ్ఞాపక చిత్రణ, డిజైన్, సామాన్య జ్ఞానం. డిజైన్ వైపు పోవాలనుకుంటే ఐఐటీ బాంబే నడిపే యూసీడ్ ప్రవేశ పరీక్ష ఉంది. తెలంగాణ వైపు చూస్తే హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ విశ్వవిద్యాలయం తన ప్రవేశ పరీక్ష తనే పెట్టుకుంటుంది. రామారావు చదివిన జె.జె. ఇప్పుడు డీమ్డ్ యూనివర్సిటీ. 2023లో ఆ హోదా వచ్చింది.

ఆన్‌లైన్ సంగతి జాగ్రత్తగా వినండి. మన దేశంలో దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో ఇవ్వకూడని డిగ్రీల జాబితా యూజీసీ 2020 నిబంధనల్లో ఉంది. వైద్యం, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్‌లతో పాటు దృశ్యకళలు కూడా అందులో ఉన్నాయి. కాబట్టి ఫోన్లో ప్రకటన చూసి ఫీజు కట్టేముందు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ కోర్సు ఉందో లేదో చూసుకోవాలి. విదేశాల్లో దారి వేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1929లో పెట్టిన అకాడమీ ఆఫ్ ఆర్ట్ యూనివర్సిటీ డిగ్రీ మొదటి మెట్టులో చేరడానికి పోర్ట్‌ఫోలియో అడగదు, ఆన్‌లైన్‌లోనూ పాఠాలు చెబుతుంది. బ్రిటన్‌లో మైఖేల్ యంగ్ 1987లో స్థాపించిన ఓపెన్ కాలేజ్ ఆఫ్ ది ఆర్ట్స్ ముందు చదువు ఏమిటని అడగకుండా తలుపు తెరిచింది. గొప్ప ఆలోచనే. కానీ అక్కడ తలుపు దగ్గర అడగనిది ఫీజు దగ్గర అడుగుతారు. డాలర్లలో, పౌండ్లలో కట్టే స్తోమత మా పత్తి రైతు ఇంట్లో లేదు. ఆ డిగ్రీ ఇక్కడి కొలువుకు పనికొస్తుందో లేదో కూడా ముందే తేల్చుకోవాలి.

తలుపు దగ్గర మా పిల్లలు నిజంగా ఆగిపోయే చోటు వేరే ఉంది. బొమ్మ దగ్గర కాదు. రిజర్వేషన్ సీటు కావాలంటే కుల ధ్రువపత్రం చాలదు, దానికి చెల్లుబాటు పత్రం కావాలి. ఓబీసీ అయితే 1967 అక్టోబరు 13కి ముందు నుంచీ కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు ఆధారం చూపాలి. ఈ ప్రాంతంలో తాతల నాటి రికార్డులు నిజాం కాలపు ఉర్దూలో ఉంటాయి, ఇంటిపేరు ఒక కాగితంలో తెలుగు ఉచ్చారణతో, ఇంకో కాగితంలో మరాఠీ ఉచ్చారణతో ఉంటుంది. పదిహేడేళ్ల పిల్ల ఆ తేడా సరిచేయించడానికి కార్యాలయాలు తిరిగేసరికి సీఈటీ ఫారం గడువు దాటిపోతుంది. పెన్సిలు పట్టాల్సిన వారాలు క్యూలో పోతాయి. ఇది నాకు కోపం తెప్పించే విషయం, రాయకుండా ఉండలేను.

అందుకే ఒక పని చెబుతాను. ఎనిమిదో తరగతిలోనే ఈ కాగితాల పని మొదలుపెట్టండి. ఎలిమెంటరీ పరీక్ష రాసే ఏడాదే కుల పత్రం, నివాస పత్రం, తాత రికార్డు నకలు తీసి పెట్టుకోండి. ఇంటిపేరు అన్నిచోట్లా ఒకే అక్షరాలతో ఉందా చూడండి.

పోర్ట్‌ఫోలియో సంగతి కూడా తిన్నగా చెప్పుకుందాం. ఏ దేశం బడైనా, ఏ తెర మీదైనా, ఆ పేరుతో అడిగేది సెసిల్ బర్న్స్ బల్ల మీద పెట్టిన కట్టనే. బొమ్మను ఎండలో పెట్టకండి, నీడపట్టున గుమ్మం దగ్గర నేల మీద పరవండి. ఫోన్ కాగితానికి సరిగ్గా పైన ఉండాలి, వంగితే బొమ్మ నాలుగు మూలలూ పక్కకు లాగినట్టు వస్తాయి. ఫ్లాష్ వద్దు. మీ చేతి నీడ కాగితం మీద పడిందా చూసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికిన సినిమా హీరో ముఖం పెన్సిలుతో దించి పంపితే చూసేవాడు ఒక్క క్షణంలో పక్కన పెడతాడు. మీ నాయనమ్మ పత్తి ఏరుతుండగా నడుం దగ్గర ఎలా వంగుతుందో వెయ్యండి. ఎద్దు కూర్చునేటప్పుడు ఏ కాలు ముందు మడుస్తుందో పది కాగితాల మీద వెయ్యండి. తొమ్మిది తప్పుపోయినా అవి కూడా కట్టలో ఉంచండి. నేర్చుకుంటున్న చెయ్యి ఎలా ఉంటుందో బడి చూడాలనుకునేది అందులోనే.

ఇదంతా పిల్లలకు చెప్పే మాట. ఇంకో మాట పెద్దవాళ్లకుంది. రామారావుకు కూల్డ్రే దొరికాడు. కొండపల్లి శేషగిరిరావు చేతిలో కళ చూసి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ చేయూతనిచ్చాడు, శాంతినికేతన్ దాకా దారి వేశాడు. కరీంనగర్ జిల్లా పల్లె నుంచి పి.టి. రెడ్డి బొంబాయి వెళ్లి అదే జె.జె.లో 1939లో డిప్లొమా పట్టుకున్నాడు. ఈ పేర్లు మనకు తెలియడానికి కారణం, ఏదో ఒక మలుపులో ఒక పెద్దమనిషి ఆ చేతిని గుర్తుపట్టి తోడు నడవడం. అలాంటి తోడు దొరకని చేతులు ఎన్ని పోయాయో చరిత్రలో ఎక్కడా ఉండదు.

కోర్పనా, జివతి, రాజురా, అటు ఆసిఫాబాద్, ఆదిలాబాద్ బడుల్లో డ్రాయింగ్ మాస్టర్లుగా ఉన్నవాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను. మీ తరగతిలో అలాంటి చెయ్యి ఒక్కటి కనిపిస్తే ఆ ఇంటికి ఒకసారి వెళ్లండి. తండ్రితో కూర్చుని మాట్లాడండి. గ్రేడ్ పరీక్ష తేదీ, సీఈటీ ఫారం తేదీ రాసిచ్చి రండి. పరీక్షకు నాగపూర్‌కో చంద్రపూర్‌కో వెళ్లాల్సి వస్తే ఆ బస్సులో ఆ పిల్ల పక్క సీట్లో మీరు కూర్చోండి.